వాన తగ్గాక వచ్చే రెండో దెబ్బ: గొలుసు విపత్తుల్లో జనం నిర్ణయాలు ఎలా తీసుకుంటారు?

2023 జులై 26, 27 తేదీల్లో పడ్డ వానను ఉమ్మడి వరంగల్ జిల్లా అంత తేలిగ్గా మర్చిపోదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అప్పటిదాకా రాష్ట్ర రికార్డు 2013లో వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్లు. 27 తెల్లవారేసరికి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని వాగు చుట్టేసింది. జనం డాబాలెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడిపారు, హెలికాప్టర్లు, పడవలు వచ్చాకే బయటపడ్డారు. ఆ తర్వాత వాన తెరిపిచ్చింది. హమ్మయ్య అనుకునే వేళకు, 29న, వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. దిగువ కాలనీల వాళ్లను ఉన్నపళంగా కదిలించి, ఇసుక బస్తాలేసి గండి పూడ్చాల్సి వచ్చింది.

వరద వెళ్లిపోయాక మన దగ్గర ఎప్పుడూ రెండు మాటలు వినిపిస్తాయి. అధికారులు "ముందే చెప్పినం, వాళ్లే కదల్లేదు" అంటారు. కాలనీవాళ్లు "మాకెవ్వరూ ఏం చెప్పలేదు" అంటారు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వాన హన్మకొండ, వరంగల్ కాలనీలను ముంచినప్పుడూ ఇదే వాదన నడిచింది. ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోవడం సులువు. కానీ విపత్తుల్లో మనుషుల ప్రవర్తనను డెబ్బై ఏళ్లుగా చదువుతున్న వాళ్లను అడిగితే, రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చంటారు. అదెలాగో చూద్దాం.

గొలుసు విపత్తు అంటే ఏది, ఏది కాదు

దీన్ని వరంగల్ వాళ్లకు వివరించడం తేలిక. కాకతీయుల కాలం నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ పట్టుకుని కింది చెరువుకు చేరతాయి, అది నిండితే దాని కిందిదానికి. మామూలు రోజుల్లో ఇది గొప్ప ఏర్పాటు. పై కట్ట తెగిన రోజున ఇదే ఏర్పాటు తిరగబడుతుంది. ఒక్కసారిగా వచ్చి పడ్డ నీటిని కింది మత్తడి దాటించలేదు, ఆ కట్ట కూడా తెగుతుంది. ఆకాశం నుంచి కొత్తగా చుక్క పడకపోయినా మూడో ఊరు మునుగుతుంది.

ఒక దెబ్బ తన పర్యవసానంగా ఇంకో దెబ్బను పుట్టించి, అది మరోదాన్ని పుట్టిస్తే దాన్ని పరిశోధకులు క్యాస్కేడింగ్ డిజాస్టర్ అంటారు. ఈ వ్యాసంలో గొలుసు విపత్తు అందాం. లండన్‌లో పనిచేసిన జియాన్‌లూకా పెస్కరోలి, డేవిడ్ అలెగ్జాండర్ 2015లో దీన్ని నిర్వచిస్తూ ఒక ముఖ్యమైన మాట చెప్పారు. ఇది వరసగా పేర్చిన బిళ్లలు ఒకదాని మీద ఒకటి పడటం లాంటిది మాత్రమే కాదు. కరెంటు, సిగ్నల్, రోడ్డు, ఆసుపత్రి ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి కాబట్టి, ఆ ముడి ఉన్న చోట నష్టం పాయలుగా చీలి పెరుగుతుంది. ఆ రెండో నష్టం ఒక్కోసారి మొదటిదాన్ని మించిపోతుంది.

దీనికి దగ్గరగా ఉండే ఇంకో రకం ఉంది. 2020 ఆగస్టులో వరంగల్, హన్మకొండ మునిగినప్పుడు ఊరంతా కరోనా కూడా ఉంది. వరద వల్ల కరోనా రాలేదు, కరోనా వల్ల వరద రాలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నమాట. దీన్ని కాంపౌండ్ డిజాస్టర్ అంటారు. కారణాలు వేరైనా జనం నిర్ణయాల దగ్గర రెండూ కలిసిపోతాయి. ఇంట్లో నీళ్లున్నా, పునరావాస కేంద్రంలో అందరి మధ్య పడుకుంటే జబ్బు అంటుకుంటుందేమోనన్న భయం కాలు కదలనివ్వదు.

ఒక్కో ఆపదను విడిగా లెక్కేస్తే

రెండో దెబ్బ మనకెందుకు తట్టదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. అంకెలు ఊహించినవే.

గట్టి వాన పడే రాత్రి మీ వీధిలో కరెంటు పోయే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. సెల్ సిగ్నల్ పోవడానికీ పదింట ఒకటి, మెయిన్ రోడ్డు మూసుకుపోవడానికీ పదింట ఒకటే. మూడూ ఒకే రాత్రి జరిగే అవకాశం ఎంత? ఒకదానికొకటి సంబంధం లేనివైతే పది పదులు వంద, వంద పదులు వెయ్యి. వెయ్యి రాత్రుల్లో ఒకసారి. పట్టించుకోనక్కర్లేదు.

కానీ వాటికి సంబంధం ఉంది. మూడింటినీ దెబ్బతీసేది ఆ వానే. పైగా కరెంటు పోతే టవర్ బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది. కాబట్టి కరెంటు పోయిన రాత్రుల్లో సగంసార్లు సిగ్నల్ కూడా పోతుందని, ఆ రెండూ పోయిన రాత్రుల్లో సగంసార్లు రోడ్డూ మూసుకుపోతుందని అనుకుంటే లెక్క మారిపోతుంది. పదింట ఒకటి, అందులో సగం, అందులో మళ్లీ సగం. అంటే నలభై రాత్రుల్లో ఒకసారి. వెయ్యికి ఒకటి కాదు, ఇరవై అయిదు.

మన అనుభవం మాత్రం విడివిడిగానే ఉంటుంది. కరెంటు పోవడం తెలుసు, సిగ్నల్ పోవడం తెలుసు, రోడ్డు మీద నీళ్లూ తెలుసు. మూడూ కలిసి వచ్చిన రాత్రి చాలామంది జీవితంలో ఒకటో రెండో. 2024 ఆగస్టు 31 రాత్రి నుంచి మర్నాడు దాకా మహబూబాబాద్ జిల్లాలో జరిగింది అలాంటిదే. ఆకేరు పొంగి రోడ్లు తెగాయి, కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర, మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. రోడ్డు లేకపోతే రైలుందిలే అనుకునే వీలు లేకుండా పోయింది.

ఒక ఇల్లు, ఒక రాత్రి

హన్మకొండలో నాలాకు రెండు వీధుల అవతల ఒక ఇంటిని ఊహించుకోండి. భార్యాభర్తలు, టెన్త్ చదివే అమ్మాయి, ఆయాసంతో నెబ్యులైజర్ వాడే అత్తమ్మ.

రాత్రి తొమ్మిదికి ఫోన్ గట్టిగా మోగి రెడ్ అలర్ట్ మెసేజ్ వస్తుంది. ఆ నెలలో ఇది నాలుగోది. గత మూడుసార్లు వాన పడింది కానీ ఇంట్లోకి నీళ్లు రాలేదు. అత్తమ్మను ఈ వానలో ఆటో ఎక్కించి ఎక్కడికి తీసుకెళ్తాం? ఉండిపోతారు. పదకొండుకు వీధిలో నీళ్లు. భర్త బైకును మెట్ల మీదికి ఎక్కించి, కాజీపేటలో ఉండే బామ్మర్దికి ఫోన్ చేస్తాడు. "ఇక్కడ మామూలు వానే బావా" అంటాడు అతను. పన్నెండున్నరకు కరెంటు పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నీళ్లు చేరినందువల్ల ప్రమాదం జరగకూడదని సిబ్బందే ఆపేశారు. ఫోన్‌లో ముప్పై శాతం ఛార్జింగ్. పొదుపుగా వాడాలని డేటా ఆపేస్తారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో "పై చెరువు మత్తడి దుంకుతుందట, కింది గల్లీల వాళ్లు పైకి రండి" అని వచ్చిన మెసేజ్ వాళ్లకు చేరదు.

రెండింటికి గడపలోకి నీళ్లు. అప్పుడు బయటికి వెళ్దామా అంటే వీధిలో నీళ్లు పరుగుమీద ఉన్నాయి. అరడుగు లోతు నీళ్లు వేగంగా పారుతుంటే పెద్ద మనిషికే కాళ్లు నిలవవు, అడుగు లోతు నీళ్లు కారును తేల్చగలవు. పైన ఓనర్ వాళ్ల వాటాకు వెళ్లడమే సరైన పని, అదే చేస్తారు. మూడున్నరకు అత్తమ్మకు ఆయాసం మొదలవుతుంది. నెబ్యులైజర్‌కు కరెంటు లేదు. టవర్ బ్యాటరీ అయిపోయింది, 108కు కాల్ కలవదు.

ఇందులో తెలివితక్కువ పని ఏది? నాకైతే ఒక్కటీ కనిపించదు. ఏ గంటకు ఆ గంట చూస్తే ప్రతి నిర్ణయమూ సబబే. ఛార్జింగ్ దాచుకోవడం కూడా, ఆ సమయానికి తెలిసిన దాన్నిబట్టి చేయాల్సిన పనే. చిక్కు వేరే చోట ఉంది. తొమ్మిదింటికి వాళ్లు వేసుకున్న ప్రశ్న "ఇంట్లోకి నీళ్లొస్తాయా?" అన్నది. వాళ్ల ఇంటికి సరిపోయే ప్రశ్న "రాత్రంతా కరెంటు లేకపోతే అత్తమ్మ సంగతేంటి?" అన్నది. నీళ్లు ఇంట్లోకి రాకపోయినా ఆ ప్రశ్నకు జవాబు "ముందే వెళ్లిపోవాలి" అనే అయ్యేది. వెళ్లగలిగే సమయం పదకొండుకే ముగిసింది, వెళ్లాల్సిన అవసరం మూడున్నరకు కనిపించింది. గొలుసు విపత్తుల్లో నిర్ణయాలను అధ్యయనం చేయడమంటే ఎక్కువభాగం ఈ నాలుగున్నర గంటల ఖాళీని అధ్యయనం చేయడమే.

జనం భయంతో పిచ్చిగా పరుగులు తీస్తారా?

సినిమాల్లో తీస్తారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎన్రికో క్వారంటెల్లి 1950ల నుంచి ఈ నమ్మకాన్ని పరీక్షిస్తూ వచ్చాడు. 1963లో సహచరులతో కలిసి ఒహాయోలో విపత్తుల పరిశోధన కేంద్రం పెట్టాడు, తర్వాత అది డెలవేర్‌కు మారింది. అక్కడి దశాబ్దాల పనిలో తేలింది ఏమిటంటే, ఒకరినొకరు తొక్కుకుంటూ పారిపోయే వెర్రి భయం అరుదు. 2005 జులై 7న లండన్ మెట్రో రైళ్లలో బాంబులు పేలినప్పుడు బతికి బయటపడిన వాళ్లతో జాన్ డ్రూరీ బృందం మాట్లాడింది. చీకటి సొరంగాల్లో ముక్కూమొహం తెలియని వాళ్లు ఒకరికొకరు నీళ్లు ఇచ్చుకున్నారు, గాయాలకు కట్లు కట్టుకున్నారు. ఒకే గండంలో చిక్కుకున్నామన్న భావన అపరిచితుల మధ్య "మనం" అనే ఒక గుంపును పుట్టిస్తుందని డ్రూరీ వివరణ.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. తొక్కిసలాటల్లో జనం చనిపోతున్నారు కదా అంటారు. అయితే చాలా తొక్కిసలాటల్లో ప్రాణం తీసేది భయం కాదు, కిక్కిరిసిన తనం. చదరపు మీటరుకు ఆరేడుగురు మించి నిలబడ్డాక ఎవరి అడుగు వాళ్ల చేతిలో ఉండదు. మేడారం జాతర ఏర్పాట్లు చూసే వాళ్లకు ఇది పాఠంగా చెప్పక్కర్లేదు.

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా అనిపించింది లీ క్లార్క్, క్యారన్ చెస్ 2008లో రాసిన సంగతి. జనం భయపడతారేమోనని పైవాళ్లు భయపడతారు. ఆ భయంతో సమాచారం తొక్కిపెడతారు, లేదా నీళ్లు కలిపి పల్చగా చెబుతారు. "కట్టకు బుంగ పడింది" అని చెప్పడానికి బదులు "అప్రమత్తంగా ఉండండి" అంటారు. గొలుసు విపత్తులో ఇది మరీ ఖరీదైన మర్యాద. ఎందుకంటే రెండో దెబ్బ గురించి ముందుగా తెలిసేది కట్ట మీద ఉన్నవాళ్లకే, కింద ఉన్నవాళ్లకు కాదు.

మరి జనం ఏం చేస్తారు? ఎక్కువమంది చేసే తప్పు పరుగెత్తడం కాదు, ఆగిపోవడం. ఇంకాసేపు చూద్దాం అంటారు.

హెచ్చరికకూ అడుగు బయట పెట్టడానికీ మధ్య

ఆ "ఇంకాసేపు"లో ఏం జరుగుతుందో మైకేల్ లిండెల్, రోనాల్డ్ పెర్రీ ఒక నమూనాగా రాశారు. వాళ్ల లెక్కలో మనిషి కొన్ని ప్రశ్నలు దాటాకే కదులుతాడు. ఈ ముప్పు నిజమేనా? నా ఇంటికేనా? ఏం చేస్తే తప్పించుకోవచ్చు? అది నా వల్ల అవుతుందా? ఏ ప్రశ్న దగ్గర జవాబు దొరక్కపోయినా మళ్లీ సమాచారం కోసం వెతుకుతాడు.

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ మొదటి ప్రశ్నకే బాగా జవాబిస్తుంది. 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు మించితే అత్యంత భారీ వర్షం. అలాంటిది రావచ్చని జిల్లా మొత్తానికి ఎరుపు రంగు వేస్తారు. హన్మకొండ సమ్మయ్యనగర్ నాలా పక్క ఇంటికీ, అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో ఎత్తున ఉన్న ఇంటికీ ఒకటే రంగు. "నా ఇంటికేనా?" అన్న రెండో ప్రశ్నకు ఎవరికి వాళ్లే జవాబు వెతుక్కోవాలి. అందుకే జనం బంధువులకు ఫోన్ చేస్తారు, పక్కింటి గేటు తీసి చూస్తారు, గొడుగేసుకుని వాగు ఒడ్డుకు వెళ్తారు. వాగు చూడ్డానికి వెళ్లేవాళ్లను మనం వెటకారం చేస్తాం. పరిశోధకుల భాషలో అది మిల్లింగ్, అంటే విన్నదాన్ని నలుగురిలో సరిచూసుకోవడం. అది ప్రమాదమే, కాదనడం లేదు. సరిచూసుకునే వేరే మార్గం ఇవ్వనప్పుడు మాత్రం అది ఆగదు. మత్తడి మీద ఎన్ని అడుగుల నీరు పారుతోందో చెరువు నీళ్లు చూసుకునే నీరటి ఫోన్‌లో చెబితే వెళ్లేవాళ్లు తగ్గుతారు.

పల్లెల్లో ఇంకో మెలిక ఉంది. వాగు ఒడ్డున బిగించిన మోటారు, స్టార్టర్ డబ్బా. నీళ్లు పెరుగుతున్నాయనగానే రైతు ఇంటివైపు కాదు, వాగువైపు పోతాడు. కట్టేసిన బర్రెలుంటే అటే పోతాడు. బయటివాళ్లకు ఇది ప్రాణం మీదికి తెచ్చుకోవడంగా కనిపిస్తుంది. అతని లెక్కలో అది పంట మిగలాలంటే, వచ్చే నెల పాలడబ్బులు రావాలంటే తప్పని పని. తెగిన కరెంటు తీగ ఆ నీళ్లలోనే ఉంటే, వరద చావు కాస్తా కరెంటు చావు అవుతుంది.

కదిలినవాళ్లు ఎటు వెళ్తారు? ఇక్కడ హైతీ నుంచి వచ్చిన అధ్యయనం ఒకటి ఆసక్తికరం. 2010 భూకంపం తర్వాత 19 లక్షల మొబైల్ ఫోన్ల కదలికలను స్వీడన్ పరిశోధకులు పరిశీలించారు. రాజధాని వదిలిన జనం ఎక్కువగా చేరింది అంతకుముందు క్రిస్మస్, న్యూ ఇయర్ గడిపిన చోట్లకే. మన దగ్గర అలాంటి లెక్క తీస్తే దసరాకు, సంక్రాంతికి ఎవరు ఎవరింటికి పోతారో అదే వరద రాత్రి దారిగా బయటపడుతుందని నా అంచనా. ఫంక్షన్ హాల్లో పరుపులు వేసి ఎదురుచూసే అధికారికి జనం తక్కువ వస్తే "మాట వినలేదు" అనిపిస్తుంది. వాళ్లు అమ్మగారింటికి పోయి ఉండొచ్చు.

"నాన్నా పులి" వాదన, తప్పిన గండాలు

అలర్ట్‌లు ఎక్కువై జనం నమ్మడం మానేశారన్న మాట తరచూ వింటాం. దీని మీద పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. అమెరికాలో టోర్నడో హెచ్చరికలను పరిశీలించిన కెవిన్ సిమన్స్, డేనియల్ సట్టర్ 2009లో, ఉత్తుత్తి హెచ్చరికలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మరణాలు, గాయాలు ఎక్కువని తేల్చారు. తుపాన్ల దగ్గర చేసిన కొన్ని అధ్యయనాల్లో మాత్రం, ఒకసారి అనవసరంగా ఖాళీ చేసినవాళ్లు కూడా కారణం సరిగ్గా చెబితే మళ్లీ కదిలారు. టోర్నడోకు నిమిషాల వ్యవధి, తుపానుకు రోజుల వ్యవధి. మన నాలాలు ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటాయి, కాబట్టి ఏ ఫలితాన్నీ ఉన్నదున్నట్టు ఇక్కడికి తేలేం.

డబ్బు లెక్కలో చూస్తే ఇల్లు వదలకపోవడం వెర్రితనం కాదని ఇంకో ఉదాహరణ. బంధువుల ఇంటికి పోతే ఆటో, పోయిన రోజుకూలీ కలిపి 1,500 రూపాయలు ఖర్చు అనుకుందాం. నీళ్లొచ్చే రాత్రి ముందే సామాను సర్దుకుని వెళ్తే 15,000 విలువైనవి దక్కుతాయి. అంటే పది హెచ్చరికల్లో కనీసం ఒకటి నిజమైతేనే వెళ్లడం గిట్టుబాటు. పదిహేనులో ఒకటే నిజమయ్యే చోట ఉండిపోయినవాడి లెక్క కరెక్టే. అతను లెక్కలోకి తీసుకోనిది నెబ్యులైజర్. దాన్ని గుర్తుచేసే మాట హెచ్చరికలోనే ఉండదు. "భారీ వర్షం" అని మొదటి దెబ్బ పేరు మాత్రమే చెప్పే హెచ్చరిక, మొదటి దెబ్బకు సరిపోయే లెక్కే చేయిస్తుంది.

గండం తప్పిన అనుభవం ఇంకా విచిత్రంగా పనిచేస్తుంది. నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు 2022 జులైలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా వదలగలిగే దానికన్నా అది చాలా ఎక్కువ. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు, రాష్ట్రమంతా టెన్షన్‌తో టీవీల ముందు కూర్చుంది. ఆనకట్ట నిలిచింది. 2023 జులైలో మళ్లీ గేట్ల మీది నుంచి నీళ్లు దుంకాయి, మళ్లీ నిలిచింది. దీన్నుంచి జనం ఏం నేర్చుకుంటారు? రాబిన్ డిల్లాన్, క్యాథరిన్ టిన్స్లీ చేసిన ప్రయోగాల ప్రకారం అది కథను ఎలా చెప్పుకుంటామన్న దాన్నిబట్టి ఉంటుంది. "ఏం కాలేదు" అని గుర్తుపెట్టుకున్నవాళ్లు మరుసటిసారి తక్కువ జాగ్రత్తపడతారు. "వెంట్రుకవాసిలో తప్పింది" అని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎక్కువ జాగ్రత్తపడతారు. జరిగింది ఒకటే.

దీనికి తోడు అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1940ల నుంచి చెబుతూ వచ్చిన ముచ్చట. కట్ట కట్టాక చిన్న వరదలు ఆగుతాయి, ఆ ధైర్యంతో కట్ట కింద ఇళ్లు పెరుగుతాయి, కట్టకు మించిన వరద వచ్చిన రోజున నష్టం మునుపటికన్నా పెద్దదవుతుంది. కట్టలు వద్దని దీనర్థం కాదు. చెరువు శిఖంలో, అంటే నిండితే నీళ్లు నిలిచే నేలలో, ప్లాట్లు కొన్న ప్రతి ఒక్కరూ మోసపోయారనీ కాదు. కొందరు తెలిసే కొన్నారు, ఆ ధరకు ఇంకెక్కడా దొరకదు కాబట్టి.

ఇది మనస్తత్వమా, బతుకుదెరువా?

ఇక్కడే అసలు పేచీ. మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషి ఆలోచనలోని పక్షపాతాలను చూస్తారు. ఇవాళ కూడా నిన్నటిలాగే ఉంటుందన్న నమ్మకం, కళ్ల ముందు మెదిలేదే ఎక్కువ జరుగుతుందన్న అంచనా. సామాజిక శాస్త్రవేత్తలు, భూగోళ శాస్త్రవేత్తలు చాలామంది దీన్ని ఒప్పుకోరు. నాలా పక్కన ఎవరుంటున్నారు, వాళ్లకు సెలవు దొరుకుతుందా, ఇంటికి తాళమేసి పోతే సామాను ఉంటుందా అన్నవి చూడకుండా బుర్రలో తప్పు వెతకడం, బాధితుడినే బోనులో నిలబెట్టడం అంటారు.

నా మొగ్గు రెండో పక్షం వైపే, కానీ పూర్తిగా కాదు. కారున్న వాళ్లు, పై అంతస్తులున్న వాళ్లు కూడా పొంగుతున్న లోలెవల్ వంతెన మీదికి బండి దించుతున్నారు. అది పేదరికం కాదు. రోజూ పోయే దారి, ముందు ఒక బండి దాటింది, ఇంకో పది నిమిషాల్లో ఇల్లు. నీటి కింద రోడ్డు కోసుకుపోయిందన్నది మాత్రం పై నుంచి కనిపించదు. కొన్ని నిర్ణయాలకు బుర్ర కారణం, కొన్నింటికి జేబు, చాలావాటికి రెండూ.

ఖాళీ చేయించడమే ఒక దెబ్బ అయినప్పుడు

"ముందే అందరినీ తరలిస్తే పోయేది కదా" అన్న వాళ్లకు ఫుకుషిమా గుర్తుచేయాలి. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, దాని వెంట సునామీ, సునామీ నీళ్లు జనరేటర్లను ముంచడంతో అణు కేంద్రంలో ప్రమాదం. పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ గొలుసు. ఆ రాత్రి 3 కిలోమీటర్ల లోపలివాళ్లను కదలమన్నారు, మర్నాడు ఉదయం 10 కిలోమీటర్లన్నారు, సాయంత్రానికి 20 అన్నారు. ఒకే కుటుంబం ఒకే రోజులో రెండు మూడు చోట్లకు మారింది. ఆసుపత్రుల నుంచి, వృద్ధాశ్రమాల నుంచి బస్సుల్లో గంటల తరబడి తిప్పిన రోగుల్లో పలువురు దారిలోనే, చేరాక కొన్నాళ్లకే చనిపోయారు. తరలింపు, ఆ తర్వాతి నిరాశ్రయ జీవితం వల్ల జరిగినవిగా ఫుకుషిమా రాష్ట్రంలో గుర్తించిన మరణాలు 2,300 దాటాయి.

తరలించడమే తప్పని కొందరు, రేడియేషన్ ఎంతో తెలియని ఆ గంటల్లో అది తప్పదని కొందరు. నాకు రెండో మాటే న్యాయంగా తోస్తుంది. అయితే మంచం పట్టిన వాళ్లను ఎలా కదిలించాలన్నది ముందే అనుకోకపోవడం వేరే సంగతి, దాన్ని ఎవరూ సమర్థించడం లేదు.

ఇదంతా తెలుసుకోవడం ఎలా?

వరద రాత్రి ఎవరూ ప్రశ్నపత్రం పట్టుకుని రారు. కాబట్టి పరిశోధకులు తర్వాత అడుగుతారు, అప్పటికి జ్ఞాపకం మారిపోయి ఉంటుంది. ఏం జరిగిందో తెలిశాక "నాకు అప్పుడే అనుమానమొచ్చింది" అనిపించడం మనిషి సహజం. బరూక్ ఫిష్‌హాఫ్ 1975లోనే దీన్ని ప్రయోగాలతో చూపించాడు. చనిపోయినవాళ్లను అడగలేం, కాబట్టి వాళ్ల నిర్ణయాలు లెక్కలోకి రావు. డాబా ఎక్కి బతికినవాళ్లు మనకు దొరుకుతారు, దాంతో డాబా ఎక్కడం ఎప్పుడూ సరైనదే అన్నట్టు కనిపిస్తుంది.

ఫోన్ డేటా వాడితే జ్ఞాపకం గొడవ ఉండదు. కానీ కరెంటు, టవర్ పోయిన చోట ఫోన్లు మ్యాపు మీద మాయమవుతాయి. ఎక్కువ దెబ్బతిన్న గల్లీయే ప్రశాంతంగా ఉన్నట్టు కనబడుతుంది. కంప్యూటర్లో వేలమంది నకిలీ మనుషులను సృష్టించి, ఒక్కొక్కరికి కొన్ని నియమాలిచ్చి వరద వదిలి చూసే పద్ధతీ ఉంది. దారులు ఎక్కడ ఇరుకవుతాయో చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. నియమం ఇచ్చిన మనిషికి బర్రెల సంగతి తెలియకపోతే కంప్యూటర్‌కూ తెలియదు.

మన దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది, విదేశీ పుస్తకాల్లో అంతగా కనిపించనిది. వరద తర్వాత ట్యాబ్ పట్టుకుని ఎవరొచ్చి అడిగినా జనం దృష్టిలో వాళ్లు సాయం లిస్టు రాసుకునేవాళ్లే. "నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" అంటే నడుము దాకా వచ్చినా ఛాతీ దాకా చూపిస్తారు. "ముందే హెచ్చరిక అందిందా?" అంటే, అందిందని చెబితే పేరు తీసేస్తారేమోనని అందలేదంటారు. అది అబద్ధమని తీసిపారేస్తే సగం నిజం పోతుంది, యథాతథంగా రాసుకుంటే మిగతా సగం పోతుంది.

అందుకే జాగ్రత్తగా పనిచేసేవాళ్లు లిస్టులు, చెక్కులు అయిపోయాక ఇంకోసారి వెళ్తారు. "ఎందుకు వెళ్లలేదు?" అని నిలదీయరు, "కరెంటు పోయినప్పుడు ఏం చేస్తున్నారు, దాని తర్వాత?" అని గంటల వారీగా అడుగుతారు. ఆ జవాబులను సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌తో, మెసేజ్ వెళ్లిన సమయంతో, గోడ మీది నీటి గీతతో పోల్చి చూస్తారు. హెచ్చరిక తొమ్మిదికి వెళ్లిందని ఆఫీసు రికార్డు చెప్పొచ్చు. ఆ గల్లీలో ఎనిమిదిన్నరకే కరెంటు పోయిందని లాగ్‌బుక్, సిగ్నల్ పోయిందని టవర్ రికార్డు చెప్పొచ్చు. అలాంటప్పుడు చెప్పామన్న అధికారిదీ నిజమే, అందలేదన్న ఇంటామెదీ నిజమే.